కెర్నల్ 6.5కి మారాక వైఫై డాంగిల్ పోయింది, 6.2లో బాగానే ఉంది. పాత కెర్నళ్లు తీసేయొచ్చా?

నీలిడెస్క్‌టాప్ అడుగుతున్నారు:

ఉబుంటు 22.04 లైనక్స్, హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్ (కెర్నల్ అంటే సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్, హెచ్‌డబ్ల్యూఈ అంటే కొత్త హార్డ్‌వేర్ కోసం ఉబుంటు ఇచ్చే కొత్త వెర్షన్‌ది). మామూలు అప్‌డేట్‌లో 6.2.0-39 ఉండగానే 6.5.0-14 కూడా వచ్చింది. రీస్టార్ట్ చేస్తే నేరుగా 6.5లోకి వెళ్తోంది. అందులో యూఎస్‌బీ వైఫై డాంగిల్ పనిచేయడం లేదు, వైఫై ఐకానే కనిపించడం లేదు. డాంగిల్‌లో ఉన్నది 8821సీయూ చిప్. గ్రబ్ మెనూలో (మెషీన్ మొదలయ్యేటప్పుడు ఏ కెర్నల్ కావాలో ఎంచుకునే చోటు) ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’కి వెళ్లి 6.2.0-39 ఎంచుకుంటే మాత్రం వైఫై ఎప్పటిలాగే కలుస్తోంది.

డ్రైవర్ సోర్స్ డౌన్‌లోడ్ చేసి ‘మేక్’, ‘సుడో మేక్ ఇన్‌స్టాల్’ అని ఎక్కించిందే. సెక్యూర్ బూట్ ఆఫ్‌లో ఉంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి ఇన్‌స్టాల్ చేయడంతో /బూట్ (కెర్నల్ ఫైళ్లు ఉండే చోటు) వేరే పార్టిషన్‌గా ఉంది. సైజు 488 ఎంబీ, అప్పుడే 91 శాతం నిండింది. అందులో 6.2.0-36, 6.2.0-37, 6.2.0-39, 6.5.0-14 నాలుగూ ఉన్నాయి.

డ్రైవర్ కొత్త కెర్నల్‌కి ఎందుకు రాలేదు? 6.2 ఫోల్డర్‌లో ఉన్న మాడ్యూల్ ఫైల్‌ని (కంపైల్ అయిన డ్రైవర్ ఫైల్) 6.5 ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే సరిపోతుందా? పాతవి తీసేస్తే ఇప్పుడు పనిచేస్తున్న వైఫై కూడా పోతుందేమోనని ఆగాను.

బూట్‌మెనూ:

ముందు కాపీ సంగతి. చేయకండి, పనిచేయదు. ప్రతి మాడ్యూల్‌లోనూ అది ఏ కెర్నల్ కోసం తయారైందో రాసి ఉంటుంది. 6.2లో ఉన్నప్పుడు ఇది కొట్టి చూడండి:

మాడ్‌ఇన్ఫో -ఎఫ్ వెర్‌మ్యాజిక్ 8821సీయూ

6.2.0-39-జెనరిక్ అని మొదలయ్యే లైన్ వస్తుంది. 6.5 కెర్నల్ ఆ లైన్ చూసి ‘ఇన్వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్’ అని తిప్పి పంపేస్తుంది. బలవంతంగా ఎక్కించే ఆప్షన్ ఉంది కానీ ఆ దారి పట్టొద్దు. కెర్నల్ లోపలి ఫంక్షన్లు, స్ట్రక్చర్లు వెర్షన్ వెర్షన్‌కీ మారుతుంటాయి, వాటిని మార్చబోమని కెర్నల్ రాసేవాళ్లు ఏనాడూ మాట ఇవ్వలేదు. పాత లెక్కతో కట్టిన మాడ్యూల్ కొత్త కెర్నల్‌లో తప్పు చోట మెమరీ రాస్తే మెషీన్ మొత్తం బిగుసుకుపోతుంది.

ఇక డ్రైవర్ ఎందుకు రాలేదంటే, ఉబుంటులో కెర్నల్ ప్యాకేజీ పేరులోనే వెర్షన్ ఉంటుంది. లైనక్స్-ఇమేజ్-6.2.0-39-జెనరిక్ ఒక ప్యాకేజీ, లైనక్స్-ఇమేజ్-6.5.0-14-జెనరిక్ పూర్తిగా వేరే ప్యాకేజీ. మీ మెషీన్‌లో లైనక్స్-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-22.04 అనే మెటా ప్యాకేజీ ఒకటి ఉంటుంది. దానిలో సొంత ఫైళ్లంటూ పెద్దగా ఉండవు, ఇప్పటి తాజా కెర్నల్ ఏదో చూపిస్తుంది, అంతే. అప్‌డేట్‌లో మారేది ఆ మెటా ప్యాకేజీ. దాని వెంట కొత్త కెర్నల్ వచ్చి పాతదాని పక్కన కూర్చుంటుంది, పాతదాన్ని ముట్టుకోదు. అందుకే మీకు గ్రబ్‌లో 6.2 ఇంకా దొరికింది.

మాడ్యూళ్లూ అంతే, ఏ కెర్నల్ ఫోల్డర్ దానిదే. మీ ‘మేక్ ఇన్‌స్టాల్’ పెట్టిన ఫైల్ ఇక్కడ ఒక్కచోటే ఉంది:

/లిబ్/మాడ్యూల్స్/6.2.0-39-జెనరిక్/కెర్నల్/డ్రైవర్స్/నెట్/వైర్‌లెస్/8821సీయూ.కేఓ

6.5 ఫోల్డర్‌లో అది లేదు. ఈ ఫైల్ ఉన్నట్టు ప్యాకేజీలు చూసుకునే ఆప్ట్‌కి కూడా తెలియదు కనుక కొత్త కెర్నల్‌కి మళ్లీ కట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు. ఆ పని చూసేదే డీకేఎంఎస్. సోర్స్‌ని /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ కింద ఉంచుకుని, కొత్త కెర్నల్ వచ్చిన ప్రతిసారీ దానికి తగ్గట్టు కంపైల్ చేసి, ఆ కెర్నల్ ఫోల్డర్‌లో అప్‌డేట్స్/డీకేఎంఎస్ కింద పెడుతుంది.

6.5లో నెట్ లేదని ఆగనక్కర్లేదు. 6.2లో ఉండే 6.5 కోసం కట్టొచ్చు:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ డీకేఎంఎస్ లైనక్స్-హెడర్స్-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-22.04

హెడర్స్ ప్యాకేజీని (మాడ్యూల్ కట్టడానికి కావాల్సిన కెర్నల్ ఫైళ్లు ఇందులో ఉంటాయి) వెర్షన్ నంబర్‌తో కాకుండా ఇలా మెటా పేరుతోనే వేయండి. నంబర్‌తో వేస్తే వచ్చే నెల కొత్త కెర్నల్‌కి హెడర్లు రావు, డీకేఎంఎస్ కట్టలేక ఊరుకుంటుంది, మళ్లీ ఇదే గొడవ. తర్వాత సోర్స్ ఫోల్డర్‌లోని డీకేఎంఎస్.కాన్ఫ్ తెరిచి ప్యాకేజీ పేరు, వెర్షన్ చూడండి. ఆ రెంటినీ మధ్యలో గీతతో కలిపిన పేరు పెట్టి ఫోల్డర్‌ని /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ కిందకి కాపీ చేసి:

సుడో డీకేఎంఎస్ యాడ్ పేరు/వెర్షన్
సుడో డీకేఎంఎస్ ఇన్‌స్టాల్ పేరు/వెర్షన్ -కే 6.5.0-14-జెనరిక్
డీకేఎంఎస్ స్టేటస్

చివరి కమాండ్‌లో 6.5.0-14 ఎదురుగా ‘ఇన్‌స్టాల్డ్’ అని ఉంటేనే రీస్టార్ట్ చేయండి. ‘యాడెడ్’ అని మాత్రమే ఉంటే ఇంకా కట్టలేదన్నమాట.

డెబ్‌పెట్టె:

/బూట్ సంగతి నేను చెప్తాను. దీన్ని వైఫై కన్నా ముందు చూసుకోండి. 91 శాతం దగ్గర ఇంకో కెర్నల్ అప్‌డేట్ వస్తే మధ్యలో ఆగిపోతుంది.

వీఎంలైనజ్ ఫైల్, అంటే అసలు కెర్నల్, సుమారు 14 ఎంబీ, అది సమస్య కాదు. చోటంతా తినేది ఇనిట్‌ఆర్‌డీ, అంటే బూట్ మొదట్లో కెర్నల్‌కి కావాల్సిన డ్రైవర్లు, ఫైళ్ల మూట. పైగా దాన్ని మళ్లీ తయారు చేసేటప్పుడు పాతదాని మీద నేరుగా రాయరు. ముందు ‘.న్యూ’ అనే తోకతో పక్కన ఇంకో ఫైల్ తయారై, పూర్తయ్యాక పేరు మారుతుంది. కాబట్టి ఎప్పుడూ కనీసం ఒక ఇనిట్‌ఆర్‌డీకి సరిపడా ఖాళీ ఉండాలి. లేకపోతే ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అంటుంది, ప్యాకేజీ సగంలో ఉండిపోతుంది, ఆపై ఏది ఇన్‌స్టాల్ చేయబోయినా ఇదే ఎర్రర్ అడ్డం వస్తుంది.

అక్కర్లేని ప్యాకేజీలు తీసే ఆప్ట్ ఆటోరిమూవ్ ఎప్పుడూ ముట్టుకోని కెర్నళ్లు మూడు: ఇప్పుడు నడుస్తున్న కెర్నల్, ఉన్నవాటిలో తాజాది, దానికి ముందుది. మీరు 6.2.0-39లో ఉన్నారు కనుక మీ విషయంలో అవి రెండే, 6.2.0-39, 6.5.0-14. ముందు తీయకుండా ఏమేం పోతాయో చూడండి:

యునేమ్ -ఆర్
సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్ --డ్రై-రన్

జాబితాలో -36, -37 మాత్రమే ఉంటే డ్రై-రన్ తీసేసి నడపండి. మీ వైఫై ఫైల్ -39 ఫోల్డర్‌లో ఉంది, దానికేమీ కాదు.

-36 జాబితాలో లేకపోతే దాన్ని ఎప్పుడో పేరు పెట్టి ఇన్‌స్టాల్ చేశారని అర్థం. చేత్తో వేసినవాటిని ఆటోరిమూవ్ తీయదు. ‘ఆప్ట్-మార్క్ షోమాన్యువల్’లో లైనక్స్-ఇమేజ్ అని వెతకండి, నంబర్ ఉన్నది కనబడితే ‘ఆప్ట్-మార్క్ ఆటో’ అని దానికి గుర్తు మార్చండి.

పేరు పెట్టి తీసేవాళ్లకి ఒక హెచ్చరిక. లైనక్స్-ఇమేజ్ ఒక్కదాన్నే పర్జ్ చేస్తే, అదే నంబర్ లైనక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా ఇంకా ఉంటుంది కనుక, దాని అవసరం తీర్చడానికి ఆప్ట్ లైనక్స్-ఇమేజ్-అన్‌సైన్డ్ అనే ఇంకో ప్యాకేజీని తెచ్చి పెడుతుంది. ఒక కెర్నల్ తీయబోతే అదే కెర్నల్ వేరే పేరుతో వెనక్కి వస్తుంది. ఇమేజ్, మాడ్యూల్స్, మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా, హెడర్స్ అన్నీ ఒకే కమాండ్‌లో ఇవ్వాలి. హెచ్‌డబ్ల్యూఈలో లైనక్స్-హెచ్‌డబ్ల్యూఈ-6.2-హెడర్స్-6.2.0-36 అని ఉమ్మడి హెడర్ల ప్యాకేజీ ఇంకోటి ఉంటుంది, దాన్ని మర్చిపోతారు.

ఇప్పటికే సగంలో ఇరుక్కుపోయినవాళ్లు: నడవని కెర్నళ్లలో అన్నిటికన్నా పాతదాని ఇనిట్‌ఆర్‌డీ ఫైల్‌ని /బూట్ నుంచి హోమ్ ఫోల్డర్‌కి జరపండి. చోటు వస్తుంది. ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’ నడపండి, సగంలో ఉన్నవి పూర్తవుతాయి. ఆ తర్వాతే ఆటోరిమూవ్. /బూట్‌లోకి వెళ్లి ఫైళ్లు చేత్తో చెరిపేసి అక్కడితో వదిలేయడం మాత్రం వద్దు. ఫైల్ పోయినా ప్యాకేజీ ఉన్నట్టే లెక్క, తర్వాతి అప్‌డేట్‌లో అదే ఇనిట్‌ఆర్‌డీ మళ్లీ తయారై కూర్చుంటుంది. ‘.ఓల్డ్-డీకేఎంఎస్’ అనే తోక ఉన్న ఇనిట్‌ఆర్‌డీలు కనబడితే మాత్రం నిశ్చింతగా తీసేయండి. అవి డీకేఎంఎస్ దాచుకున్న పాత నకళ్లు, ఏ ప్యాకేజీకీ చెందవు.

నీలిడెస్క్‌టాప్:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఆటోరిమూవ్‌తో -37 పోయింది. -36 చేత్తో వేసినట్టుగానే ఉంది, ఆప్ట్-మార్క్ ఆటో చేశాక అదీ పోయింది. /బూట్ ఇప్పుడు 47 శాతం.

హెడర్లు వేశాను, డీకేఎంఎస్ యాడ్ అయింది. ఇన్‌స్టాల్ దగ్గర ‘బ్యాడ్ ఎగ్జిట్ స్టేటస్’ అని ఆగింది. లాగ్‌లో ‘జీసీసీ-12: నాట్ ఫౌండ్’ అని ఉంది. మెషీన్‌లో జీసీసీ 11 ఉంది. అదే సోర్స్ 6.2కి ఏ అడ్డూ లేకుండా కంపైల్ అయింది కదా?

బూట్‌మెనూ:

ఎర్రర్‌తో పాటు లాగ్ చూసి రాశారు, మంచి పని. అది ఉండే చోటు మిగతావాళ్ల కోసం: /వార్/లిబ్/డీకేఎంఎస్/పేరు/వెర్షన్/బిల్డ్/మేక్.లాగ్.

22.04లో మామూలుగా వచ్చే కంపైలర్ జీసీసీ 11. 6.2 హెచ్‌డబ్ల్యూఈ దాకా కెర్నల్‌ని కూడా దానితోనే కట్టారు. 6.5 నుంచి జీసీసీ 12తో కట్టారు. మాడ్యూల్‌ని కూడా అదే కంపైలర్‌తో కట్టాలి, ఎందుకంటే 6.5 హెడర్లు అడిగే కొన్ని కంపైలర్ ఆప్షన్లు జీసీసీ 11కి తెలియవు. కొందరికి ఇదే సమస్య ‘అన్‌రికగ్నైజ్డ్ కమాండ్-లైన్ ఆప్షన్’ అనే రూపంలో కనిపిస్తుంది, దానికీ మందు ఇదే:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జీసీసీ-12

మళ్లీ డీకేఎంఎస్ ఇన్‌స్టాల్ కమాండ్ ఇవ్వండి. డీఫాల్ట్ కంపైలర్ మార్చాల్సిన పనిలేదు, పక్కన ఉంటే చాలు. ఏ కెర్నల్‌ని ఏ జీసీసీతో కట్టారో ఆ కెర్నల్‌లో ఉన్నప్పుడు /ప్రాక్/వెర్షన్ ఫైల్‌లో కనిపిస్తుంది.

కంపైలర్ ఉన్నా ‘ఇంప్లిసిట్ డిక్లరేషన్’, ‘ఇన్‌కంపాటిబుల్ పాయింటర్ టైప్’ లాంటివి వస్తే అది వేరే కథ. మీ సోర్స్ 6.5 కన్నా పాతది, కొత్త కెర్నల్‌లో మారిన ఫంక్షన్లు దానికి తెలియవు. డ్రైవర్ రాసేవాళ్ల దగ్గర తాజా సోర్స్ తెచ్చుకోవడం తప్ప దారి లేదు.

మూడోతెర:

మధ్యలో అడ్డం వస్తున్నందుకు ఏమనుకోకండి, అప్‌డేట్ ఇదే. ఎన్విడియా కార్డు, 6.5లో స్క్రీన్ 1024×768కి పడిపోయింది, రెండో మానిటర్ రావడం లేదు. డ్రైవర్ 535. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది. డీకేఎంఎస్ స్టేటస్‌లో 6.5.0-14 ఎదురుగా ‘ఇన్‌స్టాల్డ్’ అనే ఉంది. ‘మాడ్‌ప్రోబ్ ఎన్విడియా’ కొడితే ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అంటోంది.

డెబ్‌పెట్టె:

మీది కంపైలర్ సమస్య కాదు, సంతకం సమస్య. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే కెర్నల్ తనకు తెలిసిన తాళంచెవితో సంతకం చేసిన మాడ్యూల్‌నే లోపలికి రానిస్తుంది. డీకేఎంఎస్ మీ మెషీన్‌లోనే తయారైన తాళంచెవితో సంతకం చేస్తుంది. ఆ చెవిని ఫర్మ్‌వేర్ దగ్గర ఒకసారి నమోదు చేయాలి. మొదట డ్రైవర్ వేసినప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్‌లో నీలం తెర వస్తుంది, అక్కడ ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర కొద్ది సెకన్లే ఆగుతుంది, చూడకపోతే నమోదు జరగకుండానే సిస్టమ్ లోపలికి వెళ్లిపోతుంది. మళ్లీ అడిగించడానికి:

సుడో ఎంఓకేయుటిల్ --ఇంపోర్ట్ /వార్/లిబ్/షిమ్-సైన్డ్/ఎంఓకే/ఎంఓకే.డీఈఆర్

తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టి రీస్టార్ట్ చేసి, నీలం తెర దగ్గర కీబోర్డ్ మీద చెయ్యి ఉంచుకోండి.

కానీ ఎన్విడియాకి ఇంతకన్నా తేలిక దారి ఉంది. ఉబుంటు వాళ్లే ముందుగా కట్టి సంతకం చేసిన మాడ్యూళ్లు ఇస్తారు: లైనక్స్-మాడ్యూల్స్-ఎన్విడియా-535-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-22.04. ఇదీ మెటా ప్యాకేజీయే, కెర్నల్ ఎటు వెళ్తే అటు వెంట వస్తుంది. కంపైలర్ అక్కర్లేదు, హెడర్లు అక్కర్లేదు, నీలం తెర ఉండదు. ఇది వేసి, ఎన్విడియా-డీకేఎంఎస్-535 తీసేయండి. పేరు చివర మీ కెర్నల్ రకమే ఉందో లేదో జాగ్రత్తగా చూసుకోండి. హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్ మీద ఉత్త ‘జెనరిక్’ది వేస్తే అది 5.15 కోసం వస్తుంది, మీకు పనికిరాదు.

పాతమాడ్యూల్:

నీలిడెస్క్‌టాప్ గారూ, ఇంకో రీస్టార్ట్‌కి ముందు నాది ఒక్క ప్రశ్న. ఆ డ్రైవర్ మీకు అసలు అవసరమా?

8821సీయూ యూఎస్‌బీ చిప్‌కి కెర్నల్ 6.2 నుంచే సొంత డ్రైవర్ ఉంది, పేరు ఆర్‌టీడబ్ల్యూ88_8821సీయూ. అది 6.5లో ఉండాలి. మరి వైఫై దానంతట అది ఎందుకు రాలేదు? బయటి డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు /ఈటీసీ/మాడ్‌ప్రోబ్.డీ కింద 8821సీయూ.కాన్ఫ్ లాంటి ఫైల్ ఒకటి పెట్టి ఉంటుంది. రెండు డ్రైవర్లు కొట్టుకోకుండా అందులో ‘బ్లాక్‌లిస్ట్ ఆర్‌టీడబ్ల్యూ88_8821సీయూ’ అని రాస్తారు. మాడ్యూల్ ఫైల్ ఒక్క 6.2 ఫోల్డర్‌కే పరిమితం, /ఈటీసీ మాత్రం అన్ని కెర్నళ్లకీ ఉమ్మడి. కాబట్టి 6.5లో బయటి డ్రైవర్ లేదు, సొంత డ్రైవర్‌కి అనుమతి లేదు. డాంగిల్‌ని పలకరించేవాళ్లే లేరు.

పరీక్ష చాలా తేలిక. బ్లాక్‌లిస్ట్ ఆపేది తనంతట తాను లోడ్ అవడాన్నే, మనం పేరు పెట్టి పిలిస్తే వస్తుంది. 6.5లోకి వెళ్లి, డీకేఎంఎస్‌తో కట్టింది అప్పటికే ఎక్కి ఉంటే ముందు ‘సుడో మాడ్‌ప్రోబ్ -ఆర్ 8821సీయూ’తో దించేసి:

సుడో మాడ్‌ప్రోబ్ ఆర్‌టీడబ్ల్యూ88_8821సీయూ

కొద్ది సెకన్లలో వైఫై జాబితా వస్తే నా అనుమానం నిజమే. ‘నాట్ ఫౌండ్’ అంటే లైనక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా-6.5.0-14-జెనరిక్ ఉందో లేదో చూడండి. మాడ్యూల్ లోడైనా వైఫై రాకపోతే డీమెస్గ్‌లో (కెర్నల్ సందేశాలు చూపే కమాండ్) ఫర్మ్‌వేర్ గురించిన ఎర్రర్ వెతకండి, అది లైనక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీలో దొరుకుతుంది.

బయటి డ్రైవర్ వేగంలో మెరుగ్గా ఉండొచ్చు, యూఎస్‌బీ చిప్‌ల విషయంలో కెర్నల్ డ్రైవర్ కొత్తది కదా. రెండూ ఒక్కో రోజు వాడి చూసి, నిలకడగా ఉన్నదాన్ని ఉంచుకోండి. నా ఓటు కెర్నల్‌తో వచ్చేదానికే. దాన్ని కెర్నల్‌తో పాటే కడతారు, లోపలి ఫంక్షన్ మార్చినవాళ్లే ఈ డ్రైవర్‌నీ సరిచేస్తారు. జీసీసీ, హెడర్లు, సంతకం ఏ బెడదా ఉండదు.

నీలిడెస్క్‌టాప్:

6.5 నుంచే రాస్తున్నాను. డీకేఎంఎస్ ఇంకా మళ్లీ నడపలేదు, జీసీసీ-12 కూడా వేయలేదు. మాడ్‌ప్రోబ్ ఒక్కటే కొట్టాను, 3 సెకన్లలో వైఫై వచ్చింది. /ఈటీసీ/మాడ్‌ప్రోబ్.డీలో మీరు చెప్పిన ఫైలూ ఉంది, అందులో ఆ లైనూ ఉంది. ఇప్పుడు ఆ లైన్ చెరిపేస్తే 6.2లో రెండు డ్రైవర్లూ గొడవ పడతాయా?

పాతమాడ్యూల్:

పడతాయి. 6.2లో బయటిదీ ఉంది, సొంతదీ ఉంది. ఏది ముందు లోడైతే డాంగిల్ దానిది. అందుకని 6.5లో వారం రోజులు మాడ్‌ప్రోబ్‌తోనే నడిపి, నమ్మకం కుదిరాక ఈ వరుసలో చేయండి. ముందు డీకేఎంఎస్‌లో యాడ్ చేసినదాన్ని తీయాలి, లేకపోతే తర్వాతి కెర్నల్‌కి అది మళ్లీ కట్టబోతుంది:

సుడో డీకేఎంఎస్ రిమూవ్ పేరు/వెర్షన్ --ఆల్

తర్వాత 6.2 ఫోల్డర్‌లోని 8821సీయూ.కేఓ ఫైల్ తీసేసి:

సుడో డెప్‌మాడ్ -ఏ 6.2.0-39-జెనరిక్

ఇది చేయకపోతే లేని ఫైల్ ఇంకా జాబితాలో ఉంటుంది. ఆఖరున 8821సీయూ.కాన్ఫ్ తీసేయండి. మాడ్‌ప్రోబ్.డీలో ఉన్నవి ఇనిట్‌ఆర్‌డీలోకీ కాపీ అవుతాయి కనుక ‘సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యూ -కే ఆల్’ కూడా నడపండి. /బూట్‌లో ఇప్పుడు చోటుంది కాబట్టి ఇబ్బంది లేదు.

ఫెడోరా వాడేవాళ్లు ఈ దారం చదివితే: అక్కడ లెక్క వేరు. అక్కడి ప్యాకేజీలు చూసుకునే డీఎన్ఎఫ్‌లో ఇన్‌స్టాల్ఓన్లీ_లిమిట్ మామూలుగా 3 ఉంటుంది, నాలుగోది రాగానే అన్నిటికన్నా పాతది దానంతటదే పోతుంది, నడుస్తున్నది మాత్రం పోదు. ఆర్చ్‌లో అసలు పాతది ఉంచరు. ప్యాక్‌మ్యాన్ కెర్నల్‌ని మార్చిన క్షణంలో నడుస్తున్న కెర్నల్ మాడ్యూళ్ల ఫోల్డర్ మాయమవుతుంది, రీస్టార్ట్ చేసేదాకా కొత్తగా పెట్టిన పెన్‌డ్రైవ్ కూడా మౌంట్ కాకపోవచ్చు. అక్కడ లైనక్స్-ఎల్‌టీఎస్‌ని (ఎక్కువ కాలం మద్దతు ఉండే కెర్నల్) పక్కన పెట్టుకోవడమే రక్షణ.

డెబ్‌పెట్టె:

ఒక్కటి కలుపుతాను. ఆ .కేఓ ఫైల్ తీయకుండానే 6.2.0-39 ఎప్పుడైనా ఆటోరిమూవ్‌లో పోతే, ‘డైరెక్టరీ నాట్ ఎంప్టీ సో నాట్ రిమూవ్డ్’ అని వార్నింగ్ వస్తుంది. ఆప్ట్‌కి తెలియని ఫైల్ లోపల ఉండటమే కారణం, కంగారు పడొద్దు. ‘డీపీకేజీ -ఎస్’ (క్యాపిటల్ ఎస్) తర్వాత ఆ ఫోల్డర్ పూర్తి పేరు ఇచ్చి చూడండి. ఏ ప్యాకేజీకీ చెందదని వస్తే, యునేమ్ -ఆర్‌లో కనిపించే నంబర్ అది కాదని ఇంకోసారి సరిచూసుకుని, /లిబ్/మాడ్యూల్స్ కింద ఆ ఒక్క ఫోల్డర్‌ని చేత్తో తీసేయొచ్చు.